డాలస్ కంచు మందా, ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్సా?

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు. కౌబాయ్‌ల టెక్సస్ చూపించాలి. ఎటు తీసుకెళ్లాలి?

డాలస్ పయనీర్ ప్లాజా: శిల్పి రాబర్ట్ సమ్మర్స్ చేసిన 49 కంచు లాంగ్‌హార్న్ (పొడవు కొమ్ముల) ఎద్దులు, గుర్రాలపై ముగ్గురు కౌబాయ్‌లు. గుట్ట దిగి వాగు దాటే ఆ మంద మధ్యలోకే నడిచి వెళ్లొచ్చు. ఒంగోలు గిత్తల్ని చూసి పెరిగినవాళ్లు ఆ కొమ్ముల దగ్గర ఆగిపోతారు. టికెట్ లేదు, ఫలానా టైమనీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వద్దు.

ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్ (పాత పశువుల సంత): నిజమైన మందే రోజూ 11:30కి, 4 గంటలకి వీధిలో నడుస్తుంది. వాన పడితే రద్దు కావచ్చు. చూడటం ఉచితమే, పార్కింగ్‌కి ఖర్చు, జనం ఎక్కువ. ఎద్దుల్ని ఒట్టి చేతులతో పడగొట్టిన నల్లజాతి కౌబాయ్ బిల్ పికెట్ విగ్రహం ఇక్కడే ఉంది, తప్పక చూపించండి.

గంటే ఉంటే, పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడలేకపోతే డాలస్. పిల్లలుండి, రోజంతా ఖాళీ అయితే ఫోర్ట్‌వర్త్.