కొత్తవాడ మగ్గానికి విరాళమా, పెట్టుబడా?

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారికి బయటి డబ్బు రెండు దారుల్లో రావచ్చు. ఒకటి విరాళం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో మగ్గం వస్తుంది, ఫోటోలు దిగుతారు, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దాటాక ఎవరూ తొంగిచూడరు. (కటువుగా అన్నానేమో. కానీ మూలన పడ్డ మగ్గం మీద దాత పేరున్న రేకు మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది.)

రెండోది ప్రైవేట్ ఈక్విటీ పద్ధతి, అంటే కంపెనీలో వాటా కొని డబ్బు పెట్టడం. 2001లో మొదలైన అక్యుమెన్ అనే సంస్థ ఇలాంటి ఓపిక గల పెట్టుబడికే పేరుపొందింది. నేతకారులు కంపెనీగా ఏర్పడితే పెట్టుబడిదారు వాటా తీసుకుని ఏళ్ల తరబడి వెంట ఉంటాడు. నూలు ఎంతకు కొన్నారు, గదిలో అమ్ముడుపోని జంపఖానాలెన్ని, బాకీలు ఎప్పుడు వసూలవుతాయి అని అడుగుతాడు. 2018లో భౌగోళిక సూచిక (ఫలానా ప్రాంతపు సరుకేనని చెప్పే జీఐ) గుర్తింపు పొందిన సరుకుకు కొరత నేర్పు కాదు, ఇలా లెక్క అడిగే మనిషి. నా మొగ్గు ఇటే.

అయితే అతను ఏదో ఒకనాడు వాటా అమ్ముకుని వెళ్లిపోతాడు. కొన్నవాడు మరమగ్గాలు పెడదామంటే? వాటాను మొదట నేతకారులకే అమ్మాలన్న షరతు ముందే రాయించుకోవాలి. వారి కళ్లజోళ్లకు, పిల్లల చదువుకు మాత్రం విరాళమే సరి.