ఫ్యాంటసీ ఫుట్‌బాల్ బెంచీ: ఎవరిని ఉంచుకోవడం మేలు, ఎవరిని వదిలేయడం మేలు?

ఫ్యాంటసీ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లతో మనం ఊహాజట్టు కట్టి, నిజం ఆటల్లో వాళ్లు చేసినదానికి పాయింట్లు తెచ్చుకోవడం. పన్నెండు మంది తలా ఒక జట్టు కట్టే లీగ్‌లో, ఈఎస్‌పీఎన్ మామూలు అమరిక ప్రకారం జట్టుకు 16 మంది. అందులో 9 మంది ఆడతారు, 7 మంది బెంచీ మీద ఉంటారు. అంటే 192 మంది ఎవరో ఒకరి చేతిలో ఉన్నట్టే. డ్రీమ్ ఎలెవన్ అలవాటుతో అమెరికాలో ఆఫీసు లీగ్‌లో చేరిన మనవాళ్లు తడబడేది ఇక్కడే. డ్రీమ్ ఎలెవన్‌లో ప్రతి మ్యాచ్‌కీ కొత్త జట్టు కట్టుకునేవాళ్లు. ఇక్కడ మీరు వదిలినవాణ్ణి పక్కవాడు ఎత్తుకుపోతే వాడు వదిలేదాకా వాడి సొత్తే.

బెంచీ మీద ఉన్న ప్రతివాడి విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఒక్క గాయంతోనో, కోచ్ ఒక్క నిర్ణయంతోనో ఇతను నా మొదటి 9 మందిలోకి వస్తాడా? వారం వారం నమ్మకంగా 8 పాయింట్లు తెచ్చే ముదురు రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) ఈ పరీక్షలో నిలవడు. అతన్ని వదలాలంటే మనసొప్పదు గానీ, అలాంటివాళ్లు వేవర్స్‌లో, అంటే ఎవరి జట్టులోనూ లేనివాళ్ల జాబితాలో, ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు దొరుకుతూనే ఉంటారు.

అసలు పోటీ రెండు రకాల వాళ్ల మధ్యే: హ్యాండ్‌కఫ్‌లు, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో మొదటి రన్నింగ్ బ్యాక్ (బంతి మోసుకుని పరుగెత్తేవాడు) గాయంతో పడిపోతే ఆ పని అందుకునేవాళ్లు ఒకవైపు, జట్టులో ఇంకా చోటు కుదురుకోని కొత్త వైడ్ రిసీవర్లు మరోవైపు.

హ్యాండ్‌కఫ్ బలం ఏమిటంటే, పని చేతికొచ్చిన రోజే పూర్తిగా వస్తుంది. 2018లో పిట్స్‌బర్గ్ రన్నింగ్ బ్యాక్ లెవియాన్ బెల్ కాంట్రాక్ట్ గొడవతో సీజనంతా రాలేదు. ఆ చోటు తీసుకున్న జేమ్స్ కానర్ 13 ఆటల్లో 973 గజాలు పరుగెత్తి 12 రషింగ్ టచ్‌డౌన్లు (బంతితో పరుగెత్తి గోల్ లైన్ దాటడం) చేశాడు. 2024 మొదటి వారంలో శాన్‌ఫ్రాన్సిస్కో స్టార్ క్రిస్టియన్ మెకాఫ్రీ ఆడకపోతే అతని చోటులో జోర్డన్ మేసన్ 28 సార్లు బంతి మోసి 147 గజాలు సాధించాడు.

కానీ ప్రతి రెండో రన్నింగ్ బ్యాకూ హ్యాండ్‌కఫ్ కాడు. 2023 రెండో వారంలో క్లీవ్‌లాండ్ మొదటి బ్యాక్ నిక్ చబ్ మోకాలు దెబ్బతింది. అతని వెనకున్న జెరోమ్ ఫోర్డ్‌ను పట్టుకున్నవాళ్లు పండగ చేసుకునేలోపే క్లీవ్‌లాండ్ తన పాత బ్యాక్ కరీమ్ హంట్‌ను వెనక్కి పిలిపించింది, పని ఇద్దరికీ చీలిపోయింది. కాబట్టి ముందే చూసుకోవాల్సింది రెండు. మొదటివాడు లేనప్పుడు 15 సార్లకు పైగా బంతి ఒక్కడికే వస్తుందా? గోల్ లైన్ దగ్గర కూడా అతన్నే నమ్ముతారా? ముగ్గురు పంచుకునే జట్టులో మూడోవాణ్ణి ఉంచుకోవడం సీటు పాడుచేసుకోవడమే.

మీ రన్నింగ్ బ్యాక్‌కు హ్యాండ్‌కఫ్ మేలా, పక్కవాడి బ్యాక్‌కు హ్యాండ్‌కఫ్ మేలా? చాలామంది మొదటిదే అంటారు. సీజన్ మొదటి సగంలో నేను రెండోదే అంటాను. మీ స్టార్ పడిపోయి అతని హ్యాండ్‌కఫ్ వస్తే, పోయినదాంట్లో కొంత తిరిగొచ్చిందంతే. పక్కవాడి స్టార్ పడిపోతే మీ జట్టులో ఏమీ పోకుండా కొత్త బ్యాక్ చేతికొస్తాడు, పైగా ఎదుటివాడు బేరానికి మీ దగ్గరికే రావాలి. బై వీక్‌లు (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు ఆట లేని సెలవు వారాలు) అయ్యాక, అంటే సాధారణంగా 14వ వారం దాటాక, లెక్క తిరగబడుతుంది. అప్పుడు బేరాలు ఉండవు, సెలవు వారాలకు మనుషుల్ని దాచుకునే పనీ ఉండదు, ఉన్న జట్టును కాపాడుకోవడమే పని. అప్పుడు మీవాడి హ్యాండ్‌కఫ్‌నే తెచ్చుకోండి. 2024 13వ వారంలో బఫెలో మీద మెకాఫ్రీ, మేసన్ ఇద్దరూ ఒకే ఆటలో గాయపడ్డారు. మరుసటి వారం వాళ్ల జట్టులో మూడో బ్యాక్ ఐజాక్ గ్వెరెండో షికాగో మీద 2 టచ్‌డౌన్లు కొట్టాడు. డిసెంబర్‌లో మూడోవాడి పేరు కూడా తెలిసి ఉండాలి.

కొత్త రిసీవర్ దారి వేరు, అతనికి ఓపిక కావాలి. 2021లో డెట్రాయిట్ డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ల ఎంపిక) నాలుగో రౌండ్‌లో తీసుకున్న ఆమన్-రా సెయింట్ బ్రౌన్‌కు మొదటి 11 ఆటల్లో ఒక్క టచ్‌డౌన్ లేదు. చివరి 6 ఆటల్లో ప్రతిసారీ కనీసం 8 క్యాచ్‌లు, మొత్తం 560 గజాలు. నవంబర్‌లో విసుగొచ్చి వదిలేసినవాళ్లు ఫ్యాంటసీ ప్లేఆఫ్స్‌లో అతన్ని ఎదుటి జట్టులో చూసుకున్నారు.

అలాగని ప్రతి రూకీనీ (మొదటి సీజన్ ఆటగాణ్ణి) డిసెంబర్ దాకా మోయలేం. పాయింట్లు పక్కనపెట్టి టార్గెట్లు (అతనివైపు బంతి ఎన్నిసార్లు విసిరారు), రూట్లు (పాస్ అందుకోవడానికి ఎన్నిసార్లు పరుగెత్తాడు) చూడండి. క్యాచ్‌కు ఒక పాయింట్ ఇచ్చే లీగ్‌లో 2 క్యాచ్‌లు, 30 గజాలు, ఒక టచ్‌డౌన్ అంటే 11 పాయింట్లు. 7 టార్గెట్లలో 4 క్యాచ్‌లు, 41 గజాలు అంటే 8.1. నేనైతే 8.1 వాణ్ణే ఉంచుకుంటాను. టచ్‌డౌన్ ఈ వారం వస్తుంది, వచ్చే వారం రాదు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) తనవైపు చూడటం మాత్రం అలవాటుగా మారుతుంది. వరుసగా 3 వారాలు రూట్లు పెరగకపోతే వదిలేయొచ్చు. పెరుగుతుంటే పాయింట్లు సున్నా అయినా ఆగండి.

రెండు రకాలకూ ఎన్నేసి సీట్లు? సెప్టెంబర్, అక్టోబర్‌లలో 7 సీట్లలో మూడు పక్కవాళ్ల హ్యాండ్‌కఫ్‌లకు, రెండు రిసీవర్లకు ఇస్తాను. క్యాచ్‌కు పాయింట్ లేని లీగ్‌లో రిసీవర్ల వాటా ఇంకా తగ్గించాలి. మిగతా రెండు సీట్లు బై వీక్ అవసరాలకు.

రెండో క్వార్టర్‌బ్యాక్ అక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లున్నాయి, మీ లీగ్‌లో 12 మందికి తలా ఒకడు పోయినా 20 మంది బయటే ఉంటారు. సూపర్‌ఫ్లెక్స్ లీగ్ (ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను ఆడించగలిగేది) అయితే ఈ మాట చెల్లదు, అక్కడ మూడోవాడు కూడా బంగారమే. రెండో టైట్ ఎండ్ (ఎదుటివాళ్లను అడ్డుకుంటూ బంతి కూడా పట్టేవాడు), రెండో కిక్కర్ సంగతి చర్చే వద్దు.

గాయపడ్డ స్టార్‌ను ఐఆర్ సీటులో, అంటే గాయపడ్డవాళ్లకు వేరుగా ఉంచిన ఇంజర్డ్ రిజర్వ్ సీటులో, పెట్టగలిగితే పెట్టండి, బెంచీ సీటు మిగులుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు అతన్ని ఇంజర్డ్ రిజర్వ్‌లో వేసిందంటే కనీసం 4 ఆటలు రాడు. ఐఆర్ సీటు లేని లీగ్‌లో మాత్రం మీ గెలుపోటములు చూసుకోవాలి. 5-1తో ఉన్నవాడు నెల రోజులు మోయగలడు, 2-4తో ఉన్నవాడు మోయలేడు. ఇంకో చిక్కు: ఐఆర్ సీటులో ఉన్నవాడి హోదా 'క్వశ్చనబుల్' (ఆడొచ్చు, ఆడకపోవచ్చు) అయిందంటే అతన్ని బయటికి తీసేదాకా చాలా లీగ్‌లలో కొత్తవాణ్ణి చేర్చుకోనివ్వరు. మంగళవారం రాత్రి వేవర్ బిడ్ (వేవర్స్‌లో ఉన్నవాడి కోసం వేసే పాట) వేసి పడుకుంటే, తెల్లారేసరికి అది చెల్లకుండా పోయి ఉంటుంది. బిడ్ వేసే ముందే ఆ సీటు చూసుకోండి.

రెండోది అక్కర్లేదన్న మాటకు డిఫెన్స్ (ఒక ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డిఫెన్స్ మొత్తం కలిపి ఒకే సీటు) విషయంలో మాత్రం సీజన్ చివర్లో మినహాయింపు ఉంది. సీజనంతా ఒక్కటి చాలు, బలహీనమైన ప్రత్యర్థిని చూసి వారం వారం మార్చుకోవచ్చు. 13వ వారం వచ్చేసరికి ప్లేఆఫ్ బెర్తు ఖాయమైతే 15, 16, 17 వారాల షెడ్యూల్ తెరిచి, ఆ మూడింట్లో రెండైనా సులువుగా ఉన్న డిఫెన్స్‌ను బెంచీ మీదికి తెచ్చుకోండి. దానికోసం వదలాల్సింది పక్కవాళ్ల హ్యాండ్‌కఫ్‌లలో ఒకణ్ణి. మీ లీగ్‌లో ప్లేఆఫ్స్‌కు రానివాడి బ్యాక్‌కు హ్యాండ్‌కఫ్ కదా అని అతన్నే ముందు వదిలేయకండి. గాయం ఎవరి జట్టులో జరిగినా పని అందుకునేది మీ దగ్గరున్నవాడే. ముగ్గురు పంచుకునే జట్టులోకి జారిపోయినవాణ్ణి ముందు పంపండి.