చెట్ల బరువు లెక్కకు డ్రోన్ ఫొటోలా, లైడారా?

చెట్టును నరక్కుండా అందులో కార్బన్ ఎంతో చెప్పాలంటే ముందు ఎత్తు తెలియాలి.

డ్రోన్ కెమెరాతో వందల ఫొటోలు ఒకదానిమీద ఒకటి పడేలా తీసి త్రీడీ నమూనా తయారుచేయడం చవక. కోస్తాలోని సరుగుడు తోటలకు ఇది చాలు. వరుసల మధ్య నేల కనిపిస్తుంది కదా, చెట్టు కొన ఎత్తులోంచి నేల ఎత్తు తీసేస్తే సరి. గాలికి కొమ్మలు ఊగితే మాత్రం నమూనా చెడుతుంది, పొద్దున్నే ఎగరేయడం మేలు.

కోరింగ మడ అడవి సంగతి వేరు. ఆకుల గుబురు కింద నేల ఫొటోకు చిక్కదు. లైడార్ అంటే లేజర్ కిరణాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే పరికరం. ఆ కిరణాల్లో కొన్ని సందుల్లోంచి దిగి నేలను తాకి తిరిగొస్తాయి. ఖర్చెక్కువైనా దట్టమైన అడవికి నా ఓటు దీనికే. అయితే ఆటు వేళ చూసుకోవాలి, నీళ్లు ఆ కాంతిని మింగేస్తాయి.

కాండం లావు పైనుంచి సరిగా దొరకదు. ఏ పద్ధతైనా కొన్ని చెట్లకు టేపు చుట్టాల్సిందే. ఎత్తు, లావులతో లెక్కకడితే తేలే పొడి బరువులో (తేమ పోగా మిగిలేది) దాదాపు 47 శాతం కార్బన్, దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్. మడ అడవుల్లో ఎక్కువ కార్బన్ బురదలోనే ఉంటుంది, అది రెండింటికీ అందదు.