జాగ్రత్త: ఫ్యాన్‌లెస్ మినీ పీసీ పెట్టె చల్లగా ఉంటే మురిసిపోకండి

బ్రాండు లేకుండా, ఎవరి స్టిక్కరు వాళ్లు అంటించుకుని అమ్ముతున్న ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న ఫ్యాన్‌లెస్ పెట్టెలు కొనబోతుంటే ఒక్క నిమిషం ఆగండి. పైన రెక్కల్లాంటి మందపాటి అల్యూమినియం ఫిన్లు, రెండు లాన్ పోర్టులు, వెనక డిన్ రైలు (కంట్రోల్ ప్యానెల్ పెట్టెలో పరికరాలు తగిలించే లోహపు పట్టీ) క్లిప్పు, స్పెసిఫికేషన్‌లో '60 డిగ్రీల వరకు' అన్న మాట. చూడ్డానికి అంతా పక్కాగా ఉంటుంది. వీటిలో కొన్ని, నాలుగు కోర్ల మీదా లోడు పెట్టిన కాసేపటికే 100 డిగ్రీలు దాటి థ్రాట్లింగ్‌లోకి (వేడి తట్టుకోలేక వేగం తగ్గించుకోవడం) వెళ్లిపోతాయి. అప్పుడు ఫిన్ల మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంటుందంతే.

తిరకాసు అక్కడే ఉంది. ఫ్యాన్ లేని మెషీన్‌కి ఆ పెట్టెయే హీట్‌సింక్, అంటే వేడిని పీల్చి గాలిలోకి వదిలే లోహం. లోడు మీద అది వేడెక్కి తీరాలి. లోపల ప్రాసెసర్ ఉడికిపోతూ పైన పెట్టె చల్లగా ఉందంటే, వేడి చిప్పు దాటి బయటికి రావడం లేదన్నమాట. 'టచ్ చేస్తే చల్లగా ఉంది, కూలింగ్ సూపర్' అనే రివ్యూలను ఈ లెక్కలోనే చదవండి.

కింది ప్లేటు, బోర్డు స్క్రూలు విప్పితే కారణం కనిపిస్తుంది. చిప్పుకీ, పైమూత లోపలి భాగానికీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు. రాగి దిమ్మ పెట్టాల్సిన ఆ చోట మెత్తటి బూడిదరంగు థర్మల్ ప్యాడ్ ఒకటి కుక్కి వదిలేస్తారు. ప్యాడ్ కండక్టివిటీ (వేడిని దాటించే సామర్థ్యం) 3 వాట్స్ పర్ మీటర్ కెల్విన్, చిప్పు మీద మెరిసే సిలికాన్ ముక్క వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు అనుకోండి. 3 మి.మీ. ప్యాడ్ అడ్డం ఉంటే ఒక్కో వాట్‌కి 10 డిగ్రీల తేడా వస్తుంది. 10 వాట్లకి 100 డిగ్రీలు! కొంత వేడి బోర్డు గుండా, ప్యాడ్ అంచుల గుండా పోతుంది కాబట్టి నిజంలో అంత రాదు. అయినా దాని మీద ఎంత పెద్ద ఫిన్లు బిగించినా దండగే. అదే సందులో 2.5 మి.మీ. రాగి ముక్క ఉంటే, ఆ రాగి వల్ల వచ్చే తేడా వాట్‌కి 0.06 డిగ్రీ మాత్రమే.

రెండో మోసం బయోస్‌లో (బోర్డు మీద ఉండే మూల సెట్టింగుల ప్రోగ్రాం) ఉంటుంది. ఎన్100 టీడీపీ (కూలింగ్ లెక్కకి తీసుకునే వేడి) 6 వాట్లని ఇంటెల్ చెబుతుంది. నిజానికి ఎంత కాల్చాలో తేల్చేది బోర్డు తయారీదారు పెట్టే పీఎల్1 (నిలకడగా వాడగల వాట్ల హద్దు), పీఎల్2 (కాసేపటికి వాడగల వాట్ల హద్దు) విలువలు. బెంచ్‌మార్క్ స్కోరు బాగా కనబడాలని పీఎల్1ని 20 వాట్లో, 25 వాట్లో పెట్టి పంపేవాళ్లున్నారు. అమ్మేవాళ్లు ఐదు నిమిషాల స్కోరు చూపించి ఊరుకుంటారు. అరకిలో, ముప్పావుకిలో అల్యూమినియం నిలకడ ఉష్ణోగ్రతకి రావడానికి గంట దాకా పట్టొచ్చు. ఐదు నిమిషాల్లో ఏమీ తేలదు.

కాబట్టి రిటర్న్ గడువు ఉండగానే పరీక్ష చేయండి. లినక్స్‌లో లోడు పెట్టే స్ట్రెస్-ఎన్‌జీ ప్రోగ్రాం నాలుగు కోర్ల మీద రెండు గంటలు నడపండి, పక్కన కొలతలు చూపించే టర్బోస్టాట్‌లో ప్యాకేజీ (మొత్తం చిప్పు) వాట్లు, ఉష్ణోగ్రత, క్లాక్ వేగం రాసుకోండి. విండోస్ అయితే ఇవే కొలతలకి హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో లాగింగ్ ఆన్ చేయండి. గది ఉష్ణోగ్రత తప్పకుండా రాయాలి, ఎందుకంటే మనకి కావలసింది పెరుగుదల. గది 28, కోర్ 78 అంటే పెరుగుదల 50. అదే పెట్టె 50 డిగ్రీలుండే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్తే కోర్ 100కి చేరుతుంది. ఈ చిప్పు హద్దు 105. ఫిన్ల మొదట్లో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) అంటించి చూడండి. 10 వాట్ల దగ్గర కోర్‌కీ దానికీ తేడా 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఫరవాలేదు, 40 దాటితే ప్యాడ్ కథే. (ఇన్‌ఫ్రారెడ్ గన్‌ని మెరిసే అల్యూమినియం మీద నమ్మకండి, తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.)

వెనక్కి పంపే వీలుంటే పంపేయండి, లాగ్ జతచేసి. విప్పితే వారంటీ పోవచ్చు కాబట్టి అంతకుముందు విప్పొద్దు.

ఉంచుకోక తప్పదంటే ముందు బయోస్‌లో పీఎల్1ని 10 వాట్లకి, పీఎల్2ని 15కి దించండి. చాలా గేట్‌వే (రెండు నెట్‌వర్కుల మధ్య డేటా దాటించే) పనులకి అది సరిపోతుంది. చాలకపోతే రాగి ముక్క వేయాలి. పాత ప్యాడ్ తీసి, అక్కడ చిన్న మైనపు ముద్ద పెట్టి, మూత బిగించి విప్పి, నలిగిన మైనం మందం వెర్నియర్‌తో కొలవండి. దానికంటే సుమారు అర మిల్లీమీటరు తక్కువ మందం ఉన్న 30×30 మి.మీ. రాగి ముక్క తీసుకోండి. చిప్పు వైపు పల్చగా పేస్టు, మూత వైపు 0.5 మి.మీ. ప్యాడ్. వేడి రాగిలో పరుచుకున్నాక ప్యాడ్ దాటుతుంది కాబట్టి, ఆ ప్యాడ్ నష్టం పెద్దగా లెక్కలోకి రాదు. పైగా బోర్డు ఎత్తులో చిన్న తేడాని అదే సర్దుకుంటుంది. రాగి తగిలే చోట కెపాసిటర్లుంటే ముందే కాప్టాన్ టేపు (వేడిని తట్టుకుని కరెంటుని ఆపే టేపు) వేయండి. స్క్రూలు ఎదురుబొదురుగా అరచుట్టు చొప్పున తిప్పాలి. ఒకే మూల బిగిస్తూ పోతే సిలికాన్ అంచు చిట్లుతుంది, బోర్డు చెత్తబుట్టకే. సందు ఎంతున్నా పేస్టుతో పూడ్చేద్దామనుకునే వాళ్లకి: పేస్టు పల్చటి పొరకే, 2 మి.మీ. సందులో అది పనికిరాదు.

ఇంకా కొననివాళ్లు అమ్మేవాళ్లని ఈ మూడూ రాతపూర్వకంగా అడగండి. ఆ '60 డిగ్రీలు' ఎన్ని వాట్ల పీఎల్1తో, ఎన్ని గంటలు? డేటాషీటు అడుగున చిన్న అక్షరాల్లో 'సెకనుకి 0.7 మీటర్ల గాలితో' అని ఉందా? ఉంటే, గాలి ఆడని మూసిన ప్యానెల్‌లో ఆ సంఖ్య చెల్లదు. లోపలి ఎస్‌ఎస్‌డీ ఏ గ్రేడు? మామూలు కమర్షియల్ డ్రైవు 70 డిగ్రీల వరకే, ఇండస్ట్రియల్ గ్రేడు 85 వరకు. ప్రాసెసర్ పక్కనే ఇరుకులో కూర్చునే ఎం.2 డ్రైవు చాలాసార్లు ప్రాసెసర్‌కంటే ముందే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.