సిరిమాను చూసి, నెల్లిమర్ల మిల్లు గేటు దాకా

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వెళ్ళేవాళ్ళు ముందు గది సంగతి చూసుకోండి. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు. మాకు దొరికిన లాడ్జిలో మామూలు రేటుకి రెట్టింపు తీసుకుని కిటికీ లేని గది ఇచ్చారు, రాత్రి కుళాయిలో నీళ్ళు కూడా లేవు. మాకు అదైనా దొరికింది. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది పిల్లల్ని పక్కలో వేసుకుని అరుగుల మీదే తెల్లవార్లూ గడిపారు. సిరిమాను మాత్రం కళ్ళారా చూడాల్సిందే. పూజారిని చివర కూర్చోబెట్టిన ఆ పొడవాటి మాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంటే జనం అరటిపళ్ళు విసురుతారు.

మర్నాడు షేర్ ఆటోలో నెల్లిమర్ల వెళ్ళాం. ఆటోల విషయంలో వంక పెట్టడానికి లేదు, నిమిషాల్లో దొరుకుతాయి. రామతీర్థం ఇక్కణ్ణుంచి దగ్గరే. రాములవారి దర్శనం అయ్యాక గురుభక్తుల కొండ మీది బౌద్ధ శిథిలాలు కూడా చూడండి, నీళ్ళ సీసా కింది నుంచే పట్టుకెళ్ళండి.

నేను అసలు చూడాలనుకున్నది గోనెసంచులు నేసే జూట్ మిల్లు. మేం వెళ్ళిన రోజున గేటు మూసి ఉంది. ఈ మిల్లుకి లాకౌట్లు, అంటే యాజమాన్యమే పని ఆపి గేటు మూసెయ్యడం, కొత్త కాదు. 1994 జనవరిలో ఇక్కడి కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. ఈ జిల్లాలో, శ్రీకాకుళంలో రైతులు గోగు వేసి, చెరువుల్లో ఊరబెట్టి, నార తీసి అమ్మేది ఇలాంటి మిల్లులకే. ప్లాస్టిక్ సంచి వచ్చి రైతుల్నీ కార్మికుల్నీ కలిపి దెబ్బ కొట్టింది.

గేటు ఎదురుగా టీ తాగుతున్న ఒక పెద్దాయన్ని పలకరించాను. స్పిన్నింగ్‌లో పనిచేశాడట. తెగిన పోగుని ఎలా అతికేవాడో గాల్లోనే చేసి చూపించాడు. బొటనవేలు, చూపుడువేలు ఒక్క మెలి తిప్పాయి, అంతే. "ఏటి బాబూ, ప్లాట్లెయ్యడానికి సూత్తన్నారేటి?" అని అడిగాడు. కాదన్నాను. నమ్మినట్టు లేడు. ఆయన భయం ఉత్తది కాదు.

ముంబైలో లోయర్ పరేల్‌లో కొన్నాళ్ళున్నాను. అక్కడి ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద మాల్, పాత పొగగొట్టం ఇంకా నిలబడే ఉంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ మిల్లులో పనిచేసినవాళ్ళు కొనగలిగేది లోపల ఏమీ ఉండదు. 1991లో అక్కడ ఒక నిబంధన తెచ్చారు. మూతబడ్డ మిల్లు స్థలాన్ని వేరే పనికి వాడితే అందులో ఒక వాటా ఊరికి ఖాళీ జాగాగా, ఒకటి సామాన్యుల ఇళ్ళకి, ఒకటి యజమానికి. 2001లో దాన్ని భవనాలు లేని జాగాకే కుదించేసరికి జనానికి రావలసింది బాగా తగ్గిపోయింది. ఆ పక్కనే కమలా మిల్స్‌లో 2017 డిసెంబరులో రెస్టారెంట్లు అంటుకుని 14 మంది చనిపోయారు. పాత కట్టడంలో కొత్త వ్యాపారం పెట్టేటప్పుడు అలంకరణ కన్నా ముందు బయటికి పారిపోయే దారులు చూడాలి. జూట్ మిల్లులో నారని మెత్తబరచడానికి నూనె వాడతారు, నేల ఏళ్ళ తరబడి దాన్ని పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

మిల్లు నడిచే వీలుంటే మిల్లుగానే నడవాలి, అందులో నాకు రెండో మాట లేదు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో మూతబడి, ఇక తెరుచుకోని షెడ్లనైనా ఊరికి ఇవ్వొచ్చు కదా. ఇలాంటి మిల్లులకి రంపం పళ్ళలా ఉండే పైకప్పులు కడతారు. అద్దాలు ఉత్తరం వైపు పెడితే ఎండ లోపలికి రాకుండా వెలుతురు మాత్రం వస్తుంది. పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలకి అంతకంటే మంచి చదువుల హాలు ఎక్కడ దొరుకుతుంది? ఒక పక్క గోగునార సంచులు, పొందూరు ఖద్దరు, బొబ్బిలి వీణలు అమ్మే కొట్లు పెట్టొచ్చు. ఇంకో పక్క, తాళం వేసుకునే పెట్టెలు, శుభ్రమైన స్నానాల గదులు, ఆడవాళ్ళకి వేరే హాలు ఉన్న చవక డార్మిటరీ ఉంటే సిరిమానుకి వచ్చినవాళ్ళు అరుగుల మీద పడుకునే అవసరం ఉండదు. కాపలా, మరమ్మతు, క్యాంటీన్ పనులు ముందు ఆ మిల్లు కుటుంబాలకే ఇవ్వాలి. ఈ వాటాలన్నీ పనులు మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోవాలి, తర్వాత కుదించే వీలు లేకుండా.