కిశోర క్లినిక్: లోపల బాగుంది, తలుపు దగ్గరే చిక్కు

నాకు పద్దెనిమిదేళ్లు, డిగ్రీ ఫస్టియర్. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నెలసరి మొదలైతే వారం దాటినా ఆగదు. మొదట ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే, హాలంతా వినేలా కాంపౌండరు "పెళ్లయిందా?" అని అరిచాడు. డాక్టర్ని చూడకుండానే వచ్చేశాను.

తర్వాత మా వీధి ఆశా అక్క చెబితే, అమ్మతో కలిసి ఏరియా ఆసుపత్రిలోని కిశోర క్లినిక్‌కి వెళ్లాను. 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం, 2014లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద నడుస్తోంది. ఫీజు లేదు.

లోపలికి వెళ్లగానే కౌన్సిలర్ మేడం "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి, పాపతో మాట్లాడి పిలుస్తాను" అన్నారు. అప్పుడు చూడాలి అమ్మ మొహం! కొంగు సర్దుకుంటూ లేచింది. ఏడాదిగా అమ్మకి చెప్పలేనివన్నీ ఆ పది నిమిషాల్లో చెప్పేశాను. రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తావు, గడ్డలు గడ్డలుగా పడుతోందా, టీ ఎన్నిసార్లు తాగుతావు అని అడిగారు. "ఇవన్నీ మామూలేలే" అనలేదు. హిమోగ్లోబిన్ చూస్తే 9.2. నా వయసు ఆడపిల్లకి కనీసం 12 ఉండాలట. ఐరన్ మాత్రలు రోజుకి రెండు, మూడు నెలలు. స్కూల్లో వారానికొకటి ఇచ్చేవారే, ఆ నీలం మాత్రలే. (నేనైతే కిటికీలోంచి విసిరేసేదాన్ని.) అన్నం తిన్నాక వేసుకో, టీ దగ్గర్లో వద్దు, విరేచనం నల్లగా అయితే కంగారు పడకు అని ముందే చెప్పారు. చెప్పకపోయుంటే మూడో రోజే టెన్షన్‌తో మానేసేదాన్ని.

ఇక తలుపు. అది సరిగ్గా ఓపీ చీటీల క్యూకి ఎదురుగా ఉంది. నేను బయటికొచ్చేసరికి క్యూలో మా పక్కింటి పిన్ని! "ఏంటే, నువ్విక్కడ?" అంది. పన్ను నొప్పి అన్నాను. రిజిస్టరు కూడా అంతే: నా పేరు రాస్తుంటే పై వరసలో ఇంకో అమ్మాయి పేరు, పక్కన ఆమె సమస్య కనిపించాయి. నాది నా తర్వాతి వాళ్లు చదివే ఉంటారు. పైగా పొద్దున పూటే తెరుస్తారు, అంటే కాలేజీ ఎగ్గొట్టాల్సిందే.

అయినా నాలుగు స్టార్లు. అవన్నీ మేడంకే.

మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్షకి రమ్మన్నారు. మందుల గది వెనక వరండాలోంచి ఇంకో దారి ఉందని ఆయమ్మ చూపించింది. ఈసారి అటు నుంచే వెళ్తాను.