మోచేయి కీలు తప్పితే: మూడు వారాల పిండికట్టా, త్వరగా కదిలించడమా?

చేయి చాచి నేలకు ఆన్చి పడినప్పుడు మోచేయి కీలు తప్పుతుంది. తప్పిన కీలును సర్దాలన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు; సర్దిన తర్వాత చేతిని ఎన్నాళ్లు కట్టి ఉంచాలన్నదే ప్రశ్న.

అంతకంటే ముందు ఎముక విరిగిందో లేదో తేలాలి. మోచేతిని లంబకోణంలో మడిస్తే వెనకనున్న మొన, ఇరుపక్కల బుడిపెలు త్రిభుజంలా వేళ్లకు తగులుతాయి. కీలు తప్పితే ఆ త్రిభుజం చెదురుతుంది. మోచేతికి కాస్త పైన ఎముక విరిగితే చెదరదు. అయినా ఎక్స్‌రే తీయించవలసిందే. మణికట్టు దగ్గర నాడి, వేళ్ల స్పర్శ, కదలిక కీలు సర్దకముందు ఒకసారి, సర్దాక మరోసారి చూడాలి. ఈ రెండో పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు.

ఎముక విరగకుండా కీలు మాత్రమే తప్పి, సర్దాక మళ్లీ జారకుండా నిలిచినవారికి త్వరగా కదిలించడమే మేలని నా అభిప్రాయం. కొద్ది రోజులు స్లింగ్‌లో ఉంచి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు రోగే స్వయంగా చేతిని మడుస్తూ చాపుతూ ఉంటే పనుల్లోకి తొందరగా వస్తాడు. మూడు వారాల కట్టు భద్రమనిపిస్తుంది గానీ, మోచేయి కదలక బిగుసుకుపోవడంలో మహా త్వరపడే కీలు. మూడు వారాలు దాటితే ఆ బిగుతు వదిలించడం మరీ కష్టం. త్వరగా కదిలిస్తే కీలు మళ్లీ తప్పుతుందన్న భయం ఇలాంటివారి విషయంలో చాలావరకు అనవసరం. అయితే కదలిక వేరు, ఇతరులు బలవంతంగా లాగడం, గట్టిగా మర్దన చేయడం వేరు. వాటివల్ల కండరాల్లో ఎముక పేరుకునే ప్రమాదం ఉంది.

శస్త్రచికిత్స సంగతి వేరు. తెగిన స్నాయువులను (కీలు దగ్గర ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలను) కుట్టడం వల్ల మామూలు కేసుల్లో అదనపు లాభమేమీ లేదని 1987లో స్వీడన్ వైద్యుల అధ్యయనం చూపింది. ఎముక విరిగినా, కీలులో ముక్క ఇరుక్కుని సర్దుకోకపోయినా, చేయి కాస్త చాపగానే మళ్లీ జారిపోతున్నా, రక్తనాళం దెబ్బతిన్నా ఆపరేషన్ ఆలోచించాలి. ఎముక దెబ్బతిన్నదన్న అనుమానముంటే సి.టి. స్కాన్ అవసరమవుతుంది.

ఏ దారి ఎంచుకున్నా చేయి చివరి పది, పదిహేను డిగ్రీలు పూర్తిగా చాపలేకపోవడం కొందరిలో మిగిలిపోతుంది. రోజువారీ పనులకు దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు.